రొట్టె, రసం ఒకే కప్పులో: ఇంటి సంఘాలకు ఈ సీలు కప్పులు పనికొస్తాయా?

డినామినేషన్ (క్రైస్తవ శాఖ) బోర్డు, గౌను, పీఠం అన్నీ పక్కన పెట్టి, అపొస్తలుల కార్యములు 2:42లో చెప్పిన బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన చాలనుకొని ఇంట్లో కూడుకునే సంఘాలకు కొనాల్సిన సామాను పెద్దగా ఉండదు. కుర్చీలు ఆ ఇంట్లోనే ఉంటాయి, బైబిళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. మిగిలేది ప్రభువు బల్ల, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి కావలసిన సామాను. అక్కడే చాలామంది ముందే నింపి సీలు వేసిన కప్పుల పెట్టె తెప్పించేస్తారు. కడిగే పని లేదు, ఒకరు ముట్టింది ఇంకొకరు ముట్టరు, లెక్క కూడా తేలిక.

కప్పు బొటనవేలి మొదటి కణుపుకన్నా కాస్త పెద్దది. పైన సన్నటి ప్లాస్టిక్ పొర, దాని కింద నాణెమంత వేఫర్ (పలుచటి రొట్టె బిళ్ల), ఆ కింద రేకు పొర, అడుగున ద్రాక్షరసం. రసం టీస్పూను కంటే కాస్త ఎక్కువ ఉంటుందంతే. రెండు పొరలకూ పట్టుకొని లాగడానికి అంచున చిన్న కొసలుంటాయి. ఇబ్బందంతా ఈ కొసల దగ్గరే. రెండూ అంటుకొని ఉన్న కప్పు తగిలిందంటే పొరలు ఒకేసారి ఊడొస్తాయి, వేఫర్ రసంలో పడుతుంది. రేకు తీసేటప్పుడు కప్పును నడుం దగ్గర పట్టుకుంటే గోడలు నొక్కుకుపోయి రసం బట్టల మీదికి చిమ్ముతుంది. గట్టిగా ఉండే పై అంచునే పట్టుకోవాలి, కొసను పైకి కాకుండా పక్కకు లాగాలి. వేళ్లు వంగని పెద్దవాళ్లకు ఇది చేతకాదు, పక్కవాళ్లు తీసివ్వాల్సిందే. ఇక ముప్పై మంది ఒకేసారి రేకులు చింపుతుంటే ప్రార్థన చేసే సహోదరుడి గొంతు వినిపించదు. కాబట్టి ప్రార్థనకు ముందే పైపొర తీయించేయడం మేలు.

రుచి సంగతి క్లుప్తంగా: రసం ఫరవాలేదు, వేఫర్ కాగితం.

అసలు అభ్యంతరం వేరే ఉంది. రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒక్క శరీరం అన్నాడు అపొస్తలుడు పౌలు (1 కొరింథీయులు 10:17). ఈ కప్పులతో విరవడానికి రొట్టె ఉండదు, పక్కవాళ్లకు అందించే పనీ ఉండదు. పక్క అధ్యాయంలో కొరింథు వాళ్లను మందలించింది కూడా ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చేస్తున్నందుకే. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఒక కప్పు తీసుకొని తాగేసి కూర్చునే వీలు కల్పించే సామాను, ఆదిమ సంఘం పద్ధతి కావాలన్నవాళ్ల చేతిలో ఉండటం వింతే.

దీనికి బదులు చిన్న కప్పుల ట్రే ఉంది. మామూలుగా ఒక ట్రేలో 40 కప్పులు పడతాయి. ఒక్కోదానిలో 8 నుంచి 10 మి.లీ. పోస్తే 400 మి.లీ. చాలు, ఒలికిపోయేదానితో కలిపి అరలీటరు పెట్టుకోండి. జగ్గుతో పోస్తే సగం ట్రేలోకే పోతుంది. సన్నటి మూతి ఉన్న పిండే సీసా వాడాలి, కప్పును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. అల్యూమినియం ట్రేలు చవక, కానీ రసంలోని పులుపుకు గుంటలు పడి నల్లబడతాయి. స్టీలే మంచిది. గాజు కప్పులను ఆ రోజే వేడినీళ్లతో కడగకపోతే అడుగున జిగురు పట్టి బూజు వస్తుంది.

ట్రే అయినా అపొస్తలుల నాటిదేం కాదు. సూక్ష్మక్రిముల భయంతో 1890ల్లో అమెరికాలో ఈ విడి కప్పుల వాడకం వ్యాపించింది. పులియని సీసా రసం కూడా 1869లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు దాన్ని వేడిచేసి నిలవచేసిన తరవాతి మాటే.

పన్నెండు, పదిహేను మంది దాటని సంఘానికి ఒకే పాత్ర చక్కగా సరిపోతుంది. 200 మి.లీ. పోసి, ఒక్కొక్కరు తాగాక అంచు శుభ్రమైన గుడ్డతో తుడిచి, పాత్రను కాస్త తిప్పి అందించాలి. తుడిస్తే క్రిములు తగ్గుతాయి, పూర్తిగా పోవు. జలుబు, జ్వరం ఉన్నవాళ్లకు విడిగా ఒక కప్పులో ముందే పోసి పెట్టండి.

కాకపోతే పాత్రను సిద్ధాంతంగా మార్చుకోవద్దు. శాఖలన్నీ వదిలి బైబిలు ఒక్కటే ఆధారంగా ఏకమవుదామని 1809లో థామస్ కాంప్‌బెల్ అనే బోధకుడు పిలుపునిచ్చిన పునరుద్ధరణ ఉద్యమమే, ఆరాధనలో వాద్యాలు, మిషనరీ సొసైటీల గొడవలతో చీలి, 1906 అమెరికా మతగణనలో రెండు వేరు గుంపులుగా లెక్కకెక్కింది. చిన్న కప్పులు వచ్చాక ఒకే పాత్ర పట్టు పట్టినవాళ్లు మళ్లీ వేరయ్యారు.

రొట్టె మాత్రం కొనక్కర్లేదు. 125 గ్రాముల గోధుమపిండి, చిటికెడు ఉప్పు, రెండు టేబుల్‌స్పూన్ల నూనె, మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల నీళ్లు. కలిపి వెంటనే మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఫోర్కుతో అంతటా గుచ్చి, ఓవెన్‌లో 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది, పన్నెండు నిమిషాలు కాల్చాలి. ముప్పై మందికి వస్తుంది. గుచ్చకపోతే పొంగుతుంది. ఎక్కువ కాలిస్తే విరిచినప్పుడు పొడి రాలుతుంది, మందంగా ఒత్తితే నమలడానికే పట్టేస్తుంది. గోధుమ పడనివాళ్లు ఉంటే వాళ్లది వేరే పళ్లెంలో, వేరే చేతులతో.

మరి సీలు కప్పులు ఎందుకంటే, మంచంలో ఉన్నవాళ్లకు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు. రాలేనివాళ్లకు పరిచారకులు రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లి ఇచ్చేవారని రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. ఆ పనికి ఇంతకన్నా అనువైనది లేదు, సంచిలో వేసుకున్నా ఒలకదు. రేకు మాత్రం పరిచారకుడే తీసి చేతికివ్వాలి. అందుకోసం చిన్న పెట్టె తీసుకుంటే చాలు. గడువు తేదీ కప్పు మీద కాక పెట్టె మీదే ఉండొచ్చు, కాబట్టి అట్ట పారేయకండి. నిలువుగా, చల్లటి చోట పెట్టండి. వేడి తగిలితే రసం గోధుమరంగుకు తిరుగుతుంది, పక్కకు వాల్చి ఉంచితే కొన్ని కారి వేఫర్లు మెత్తబడతాయి.