ముందు పన్నుకి ఇంప్లాంట్ వేయించుకుంటున్నారా? క్యాప్ అతికించేలోపు ఇది చదవండి

రెండేళ్ళ కిందట బండి మీంచి పడితే పై వరస ముందు పన్ను వేరు దగ్గర విరిగింది. పీకించి, విజయవాడలో ఒక క్లినిక్‌లో ఇంప్లాంట్ వేయించుకున్నాను. ఎముకలో బిగించే టైటానియం స్క్రూ (అదే ఇంప్లాంట్), నాలుగు నెలల తర్వాత దాని మీద పన్ను ఆకారంలో క్యాప్, అంతా కలిపి 38 వేల ప్యాకేజీ. నమలడానికి ఇప్పటికీ ఏ ఇబ్బందీ లేదు. వచ్చిన చిక్కల్లా నవ్వితేనే.

క్యాప్‌కి షేడ్, అంటే పన్ను రంగు, చూసింది రాత్రి ఎనిమిదింటికి, ట్యూబ్‌లైటు కింద. అదీ అరగంట నోరు తెరిపించి మిగతా పళ్ళు క్లీన్ చేశాక. తడి ఆరితే పళ్ళు ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయట. నాకు తెలీదు సరే, వాళ్ళకు తెలియొద్దా? 16 రంగుల పట్టీలో ఏ1 అని, బాగా తెల్లటిది రాసేశారు. పగటి వెలుతురులో చూస్తే నావి ఏ3, దానికన్నా ముదురు.

మేనకోడలి పెళ్ళి ఆల్బమ్ వచ్చినరోజు మా ఆవిడ రెండు పేజీలు తిప్పి, "ఆ ఒక్క పన్నూ సున్నం కొట్టినట్టుందండీ" అంది. దాని పైన చిగురులో నీలంగా ఒక గీత కూడా.

మళ్ళీ వెళ్తే, "జిర్కోనియా క్యాప్ వేసేద్దాం సార్, అంతా సెట్టయిపోతుంది" అన్నారు. జిర్కోనియా అంటే పన్ను రంగులో ఉండే గట్టి పింగాణీ లాంటిది. ఇంకో 9 వేలు. నేను బోల్తా పడింది ఇక్కడే. రంగు కలిసింది గానీ పన్ను పక్కదానికన్నా పొడుగ్గా, గుర్రప్పన్నులా అలాగే ఉంది. నీలం గీత కూడా పోలేదు. ఎందుకు పోతుంది? అది క్యాప్‌ది కాదు, పలచటి చిగురులోంచి కనిపిస్తున్న లోపలి లోహానిది.

చివరికి గుంటూరులో ఒక ప్రోస్థోడాంటిస్ట్ (కట్టుడు పళ్ళు, క్యాపుల స్పెషలిస్టు) దగ్గరికి వెళ్ళాను. స్కాన్ తీసి చూపించారు. స్క్రూ పెదవి వైపుకి ఒరిగి ఉంది. ఆ పక్క ఎముక అరిగి చిగురు పైకి జారింది. సొంత పన్నయితే క్లిప్పులు పెట్టి జరపొచ్చు, ఎముకలో కలిసిపోయిన టైటానియం జరగదు. ఇక క్యాపులు ఎన్ని మారిస్తే ఏం లాభం?

చిన్న మరతో బిగించిన క్యాప్ అయితే విప్పి తీస్తారు. నాది సిమెంటుతో అతికించారు. ఎముకలోని స్క్రూ అంతగా ఒరిగితే ఆ మర బిగించే రంధ్రం పన్ను ముందు వైపే పడుతుందట, అందుకని అతికించేసి ఉంటారు. కాబట్టి ఎవరైనా సిమెంటు అంటే ఎందుకని అడగండి. జిర్కోనియా కోసి తీయడానికి ముప్పావు గంట పట్టింది. రెండు బర్‌లు (కోసే డ్రిల్లు మొనలు) అరిగాయి, చొక్కా కాలరంతా తడిసిపోయింది. తీశాక చిగురు కింద గోరంత సిమెంటు పెచ్చు దొరికింది. అలాంటిది ఉండిపోతే చిగురు వాచి ఎముక కూడా దెబ్బతింటుందట.

ఇంకో అవస్థ. నాకు వేసిన ఇంప్లాంట్ ఏ కంపెనీదో తెలీదు! బిల్లులో "ఇంప్లాంట్ – 1" అని ఉందంతే, కిరాణా చీటీలాగా. పాత క్లినిక్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే ఫైలు దొరకడం లేదన్నారు. గుంటూరు డాక్టరే ఎక్స్‌రేలో ఆకారం చూసి పోల్చుకుని, దానికి సరిపోయే భాగాలు తెప్పించారు. డబ్బా మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. స్క్రూ వేసిన రోజే అడిగి తీసుకోండి.

ఇప్పుడు అంగిలి నుంచి కాస్త కండ తీసి చిగురు మందం పెంచారు. పదిరోజులు పెరుగన్నమే. పైన ప్లాస్టిక్ తాత్కాలిక క్యాప్ పెట్టి, నెలనెలా దాని ఆకారం కొంచెం మారుస్తూ చిగురుని మలుస్తున్నారు. అసలు మొదటిసారే ముందు పన్నుకి ఇలా తాత్కాలిక క్యాప్‌తో కొన్నాళ్ళు చూడాల్సిందట. నాకు ఆ మాటే ఎవరూ చెప్పలేదు. దీని తర్వాత వంపున్న జిర్కోనియా అబట్‌మెంట్ (స్క్రూకీ క్యాప్‌కీ మధ్య ఉండే ముక్క), దాని మీద కొత్త క్యాప్. అన్నీ కలిపి ఇంకో 31 వేలు.

అంతా అయ్యాక కూడా పక్క పన్నుకి అచ్చం సమానంగా రాదని ఈయన ముందే చెప్పేశారు. షేడ్ చూడ్డానికి వచ్చే శనివారం పొద్దున పదిన్నరకి రమ్మన్నారు, కిటికీ పక్క కుర్చీలో.