పాత ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందే డీబీ (ఇంటి కరెంటు స్విచ్‌ల పెట్టె) మూత తీయించండి

విజయవాడలో పన్నెండేళ్ల పాత ఫ్లాట్ ఒకటి పోయిన కార్తికంలో కొన్నాం. ఈసీ తీయించాం, లింకు డాక్యుమెంట్లు లాయరుగారికి చూపించాం, వాస్తు చూపించాం. గోడల్లోని కరెంటు వైర్లను మాత్రం ఎవరికీ చూపించలేదు. గృహప్రవేశమైన తొమ్మిదో రోజు పొద్దున మా అమ్మ స్నానాల గదిలో స్టీలు కుళాయి మీద చెయ్యి వేసి కేక పెట్టింది. తడి కాళ్లతో ఉంది. షాక్ కొట్టిన విసురుకు చెయ్యి వెనక్కి వచ్చింది కాబట్టి ప్రాణం నిలిచింది. ఆమె వయసు 71.

నేను కొనేముందు అసలేమీ చూడకపోలేదు. మూడు దీపాలుండే సాకెట్ టెస్టర్ తీసుకువెళ్లి వంటగదిలో, హాల్లో గుచ్చి చూశాను. అన్నిచోట్లా ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరు) ఉన్నట్టే చూపించింది. గీజర్‌ను అమ్మినవారు మాకే వదిలేస్తామన్నారు. దాని సాకెట్ పైకప్పు దగ్గర ఉండటంతో అక్కడిదాకా వెళ్లలేదు.

షాక్ తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన బోర్డులు విప్పుతుంటే నాకు నోట మాట రాలేదు. గీజర్ సాకెట్‌కు రెండే వైర్లు వచ్చాయి. ఎర్త్ పిన్ను వెనక ఖాళీ. గీజర్ లోపలి ఎలిమెంట్ పాడై కరెంటు దాని ఒంటికి, అక్కడి నుంచి కుళాయికి చేరింది. వంటగదిలో ఇంకా దారుణం. ఎర్త్ వైరు లాగకుండా, సాకెట్ వెనకే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపారు. నా టెస్టర్ మోసపోయింది అందుకే. న్యూట్రల్ ఎక్కడైనా తెగినా, వదులైనా, ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టుల కరెంటు ఎక్కుతుంది. ఫ్రిజ్ తలుపు తీసేది ఇంట్లో పిల్లలే కదా!

డీబీలో ఆర్‌సీసీబీ ఉంది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపి మనిషి ప్రాణం కాపాడాల్సిన పరికరం అది. ఎలక్ట్రీషియన్ దాని మీది ‘టి’ (టెస్ట్) బటన్ నొక్కాడు. మీట టక్కున కిందికి పడింది. హాల్లో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. వెనక చూస్తే ఆర్‌సీసీబీని దాటేసి, మెయిన్ నుంచి ఎంసీబీలకు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లకు) నేరుగా వైరు లాగి ఉంది. మాటిమాటికీ పడిపోతోందని ఎవరో డైరెక్ట్ చేసేశారు. అది పడిపోవడమే ఒక హెచ్చరిక అని వాళ్లు గుర్తించలేదు, లేదా గుర్తించీ ఊరుకున్నారు. రెండోదాన్ని నేను క్షమించలేను.

బెడ్‌రూమ్ ఏసీ, గీజర్ రెండూ ఒకే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద నడుస్తున్నాయి. రెండు కిలోవాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. ఏసీ కూడా కలిస్తే 16 దాటుతుంది. పాత ఎంసీబీ ట్రిప్ అవుతోందని దాన్ని తీసి 32 ఆంపియర్లది బిగించారు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మోయగలిగిన దానికంటే పెద్దది పెడితే, ఎంసీబీ పడేలోపు వైరు పైపులోనే కాలుతుంది. పైపులోంచి బయటికి లాగిన ముక్క మీద తొడుగు ఒకచోట నల్లబడి పెళుసెక్కి ఉంది.

అమ్మినవారికి ఫోను చేస్తే, ‘మేము పదేళ్లున్నాం, మాకేమీ కాలేదు’ అన్నారు. అగ్రిమెంట్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే మాట రాయించుకున్నారు. వైరింగంతా మార్చిన ఖర్చు మాదే అయింది.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే మీ సొంత ఎలక్ట్రీషియన్‌ను తీసుకువెళ్లండి. అమ్మేవారి మనిషి గానీ, మధ్యవర్తి పంపిన మనిషి గానీ వద్దు. మెయిన్ ఆపించి, ప్రతి సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌ను బీప్ సెట్టింగులో (రెండూ కలిసి ఉంటే మోగేలా) పెట్టి చూడమనండి. డీబీ మెయిన్ స్విచ్ ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లనూ తెంచేదైతే అప్పుడు బీప్ రాకూడదు. వస్తే ఆ సాకెట్ విప్పాల్సిందే. గీజర్, ఏసీ, వాషింగ్ మెషిన్ సాకెట్లు ఎంత ఎత్తులో ఉన్నా నిచ్చెన వేయించి చూడండి. వాటికి విడివిడిగా లైన్లు ఉన్నాయా, ఎంత మందం వైరు వేశారు, దాని మీద ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ ఉంది, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. తేడాలుంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగడానికి అదే ఆధారం. డీబీ మూత తీయనివ్వని అమ్మకందారు దగ్గర నేనైతే ఇక ఒక్క రూపాయి కూడా పెట్టను.

అద్దెకు దిగేవారికి గోడలు తవ్వించే వీలుండదు. వారు కూడా ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అన్ని గదుల్లో లైట్లు, ఫ్యాన్లు వేసి, ఇంటివారికి చెప్పి ఆర్‌సీసీబీ మీది ‘టి’ బటన్ నొక్కి చూడవచ్చు. ఇంట్లో ఎక్కడ ఒక్క దీపం వెలుగుతూ ఉన్నా, ఎందుకు వెలుగుతోందో తేలిన తర్వాతే సామాను దించండి.