రిపేరు టైమ్ స్పెక్: సగటు, మధ్యగతం, 95వ శతాంశం... ఏది మేలు?

"ఎంటీటీఆర్ 40 నిమిషాలు మించరాదు" అని ఒక్క లైను రాసి టెండరు వదిలేస్తుంటారు. ఎంటీటీఆర్ అంటే సగటు రిపేరు సమయం. పరికరం వచ్చాక ఒకసారి నాలుగు గంటలు ఆగిపోతే గొడవ. అమ్మినవాడి మాట నిజమే: సగటు ఇంకా 40 దాటలేదు.

రిపేరు సమయాలు సగటుకి అటూ ఇటూ సమానంగా ఉండవు. చాలాసార్లు కార్డు మార్చితే సరి. ఎప్పుడో ఒకసారి మాత్రం లోపం కనబడీ కనబడక సాయంత్రం దాకా తిప్పుతుంది. ఊరికే లెక్కకి పది రిపేర్లు అనుకుందాం: 12, 15, 18, 20, 25, 30, 35, 45, 80, 220 నిమిషాలు. సగటు 50, మధ్యగతం (వరసలో సరిగ్గా నడిమి విలువ) 27.5. పదింట్లో ఎనిమిది సగటు కన్నా తక్కువే! అందుకే ఈ సమయాలకు లాగ్‌నార్మల్ పంపిణీ వాడతారు: సమయాలు కాదు, వాటి సంవర్గమానాలు (లాగ్‌లు) సగటుకి అటూ ఇటూ సమానంగా గంట ఆకారంలో పరుచుకుంటాయనే ఊహ. ఒకప్పటి అమెరికా సైనిక ప్రమాణం మిల్-స్టాండర్డ్-471ఏ పరీక్షల్లో కొన్నిటికి ఆధారం ఆ ఊహే.

ఇప్పుడు రెండు యంత్రాలు, రెండిటి సగటూ 40 నిమిషాలే. రిపేరు సమయాల సంవర్గమానాల్లో ప్రామాణిక విచలనం (ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) మొదటిదానికి 0.5, రెండోదానికి 1.2. మధ్యగతాలు 35, 19. అంటే మధ్యగతం చూసి కొంటే రెండోదే ముద్దొస్తుంది. 95వ శతాంశం (నూటికి 95 రిపేర్లు ముగిసే హద్దు) చూడండి: మొదటిది 80 నిమిషాలు, రెండోది 140. తోక (అరుదుగా వచ్చే పొడవాటి రిపేర్లు) ఎంత పొడవో దాచడంలో మధ్యగతాన్ని మించింది లేదు. స్పెక్‌లో అదొక్కటే రాయడం నాకు అస్సలు నచ్చదు.

సగటుని మాత్రం పారేయలేం. లభ్యత (మొత్తం కాలంలో యంత్రం పనిచేసే స్థితిలో ఉండే వాటా) లెక్కకి, మనుషుల గంటల లెక్కకి కావలసింది అదే. మధ్యగతం పెట్టి లభ్యత కడితే ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

మరి 95వ శతాంశం ఒక్కటే చాలదా? దాన్ని రుజువు చేయడం ఖరీదు. పంపిణీ ఏదీ ఊహించకుండా, 95 శాతం నమ్మకంతో తేల్చాలంటే వరసగా 59 రిపేర్లు ఒక్కటీ హద్దు దాటకుండా జరగాలి. 90వ శతాంశమైతే 29 చాలు. లాగ్‌నార్మల్ అనుకుంటే ఇంకా తక్కువతో సరిపెట్టొచ్చు, కానీ ఆ ఊహ తప్పితే మొదట దెబ్బతినేది తోకే.

నేనైతే రెండూ రాస్తాను: సగటు 40 లోపు, 90వ శతాంశం 90 లోపు. పక్కనే గడియారం ఎప్పుడు మొదలవుతుందో కూడా. లోపం వెతకడం కలుస్తుంది, స్పేర్ కోసం ఎదురుచూపు కలవదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే పై అంకెలన్నిటికీ ఎవరి అర్థం వాళ్లదే.