ఇంకు నిండుగా ఉన్నా ప్రింటరు కదలనంది

ట్యాంకుల్లో ఇంకు సగానికి పైగా ఉండగా ప్రింటరు మొండికేస్తే ఒళ్లు మండదా? పదో తరగతి ప్రీఫైనల్స్ ముందు ట్యూషన్ పిల్లలకు తెలుగు ప్రశ్నపత్రాలు తీస్తుంటే నా ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఠక్కున ఆగింది. ఎర్ర లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతున్నాయి. లోపలి ఇంకు ప్యాడ్ ఆయుష్షు తీరిందనీ, సర్వీసు సెంటరుకు తీసుకెళ్లమనీ కంప్యూటర్లో సందేశం.

అలాంటి ప్యాడ్ ఒకటి ఉంటుందని అమ్మినతను మాటవరసకైనా చెప్పలేదు. మా ఊళ్లో మెకానిక్ కుర్రాడు వెనకవైపు స్క్రూ తీసి ఓ ప్లాస్టిక్ తొట్టి బయటికి లాగాడు. అందులో దళసరి దూదిపట్టీ లాంటివి నల్లగా నాని ఉన్నాయి. నేను డబ్బులు పోసి కొన్న ఇంకులో ఎంత భాగం కాగితం ఎక్కకుండా అక్కడికి చేరిందో చూస్తే కడుపు తరుక్కుపోయింది.

సంగతేమిటంటే, కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్‌లో ఉండేవి కంటికి ఆనని రంధ్రాలు. నాది పీజో రకం. కరెంటు తగిలితే లోపలి స్ఫటికం వంగి, కొన్ని పికోలీటర్ల (పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు) చుక్కను కాగితం మీదికి నెడుతుంది. ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే కనుక నాలుగు రోజులు వాడకపోతే రంధ్రాల దగ్గర ఆరిపోతుంది. అప్పుడు అక్షరాల మీద తెల్లగీతలు పడి ‘ధ’ కింద ఒత్తు ఎగిరిపోతుంది, తలకట్లు తెగిపోతాయి. తెలుగు పేపరు అలా ఇస్తే పిల్లలు ఏం చదువుతారు? హెడ్ క్లీనింగ్ కొట్టాల్సిందే. కొట్టినప్పుడల్లా పంపు ఇంకును పీల్చి ఆ ప్యాడ్‌లోకి వదులుతుంది. నాకు అడ్డుపడింది నలుపొక్కటే అయినా నాలుగు రంగులూ పోతాయి. ప్యాడ్ నిజంగా ఎంత తడిసిందో ప్రింటరుకు తెలియదు. పంపిన ఇంకును లెక్కపెట్టుకుంటూ పోయి, లెక్క హద్దు దాటగానే పని మానేస్తుంది.

“కౌంటరు ఒక్కటే రీసెట్ చేయమంటే చేస్తా మేడం, ఇంకు కారి టేబుల్ పాడైతే మాత్రం నన్ననొద్దు” అన్నాడు కుర్రాడు. ప్యాడ్లు కూడా మార్పించాను. లాప్‌టాప్‌కు తగిలించి లెక్కను సున్నా చేశాడు, అంతే, ఏమీ జరగనట్టు ప్రింటు మొదలుపెట్టింది.

పల్నాడు ఎండలకు తోడు కరెంటు కోతలు దీన్ని ఇంకా పాడుచేశాయి. మామూలుగా పవర్ బటన్ నొక్కి ఆపితే హెడ్ పక్కకెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే, మూత లేకుండా ఆరుతుంది. అందుకే ఇప్పుడు ప్రింటరును ఇన్వర్టరు లైనులోకి మార్చాం. అప్పటినుంచి క్లీనింగ్ అవసరం బాగా తగ్గింది.

కొన్న కొత్తలో పేజీకి పైసలే పడుతుందని మా స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. రోజూ తీసేవాళ్లకు అది ఇప్పటికీ నిజమే. పరీక్షల ముందు కట్టలు కట్టలు తీసి, వేసవి సెలవుల్లో గుడ్డ కప్పి ఉంచే నాలాంటివాళ్లకు క్లీనింగులో పోయేదీ కలుపుకోవాలి. ఒక మంచిమాట కూడా చెప్పాలి. ఓ పిల్లాడి సంచి వానలో తడిస్తే నల్ల అక్షరాలు చెక్కుచెదరలేదు, అది నీళ్లలో కరగని రంగుపొడితో చేసే పిగ్మెంట్ ఇంకు. అదే కాగితం మీది రంగుల పటం మాత్రం మొత్తం అలుక్కుపోయింది.

లేజరు కొనుక్కోరాదా అని మావారు అంటూనే ఉన్నారు. దాంట్లో ఉండేది పొడి, ఎండిపోయే బెడద లేదు, చిన్న ఒత్తులు కూడా పదునుగా వస్తాయి. కానీ ఆ పొడిని కరిగించి అంటించే ఫ్యూజరు వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు లాగుతుంది, మా ఇన్వర్టరు అంత భారం మోయలేదు. రంగుల పటాలూ నాకు కావాలి. కాబట్టి ప్రస్తుతానికి దీనితోనే కాపురం. కొత్తది కొనే రోజు వస్తే ఆ వేస్ట్ ఇంకు పెట్టెను ఇంట్లోనే తీసి మార్చుకునే మోడల్ అడుగుతాను. ఇప్పుడు అలాంటివీ వస్తున్నాయి.