జీపు పోయేదాకా జీపు, ఆ తర్వాత మోకాళ్లు

మా కడప వాళ్లని లోయ చూడాలని ఉందని అడిగితే అందరూ గండికోటకే పొమ్మంటారు. తప్పేం కాదు. జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే కోట గుమ్మంలోకే కారు దూరుతుంది. మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ రంగనాథస్వామి గుడి వెనక్కి నాలుగడుగులు వేస్తే కాళ్ల కింద పెన్నా. మూడొందల అడుగుల లోతున ఎర్రమల కొండని కోసుకుంటూ పోతుంది. పొద్దున ఆరింటికి పోతే చాలా బాగుంటుంది. పదింటికి పోతే సెల్ఫీ స్టిక్కుల మధ్య వంతు కోసం నిలబడాలి. ఆదివారమైతే మరీ.

అయితే గండికోట చూసి వచ్చిన ప్రతిసారీ మా బావ ఒకటే మాట. "చూసేది బాగుందిరా, పోయేదాంట్లో ఏం లేదు." ఆయన పోరు పడలేక ఈసారి అహోబిలంలో పావన నరసింహస్వామి దారి పట్టాం. మామూలు కారు పోలేని దారి. అమ్మ, అక్క, పదో తరగతి చదివే అక్క కొడుకు, బావ, నేను. అమ్మకి దర్శనం, బావకి అడవి, పిల్లోడికి జీపు.

అహోబిలం పాత లెక్కన కర్నూలు జిల్లా, 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల జిల్లా. కడప నుంచి మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి మీదుగా ఆళ్లగడ్డ దాకా నున్నటి హైవే. పక్కన కేసీ కాలువ నీళ్లు, దువ్వూరు దాకా పసుపు, వరి. ఈ రోడ్డు గురించి చెప్పడానికేం లేదు. ఆళ్లగడ్డలో మాత్రం రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల దగ్గర కాసేపు ఆగండి. సగం చెక్కిన నంది, ముక్కు ఇంకా రాని ఆంజనేయుడు వరసగా నిలబడి ఉంటారు. అక్కడే టిఫిన్ కూడా చేసెయ్యడం మంచిది. మేం తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఆ రెండ్రోజుల్లో తిన్నవాటిలో అన్నిటికంటే బాగున్నాయి. కానీ జీపు ఎక్కే రోజు బజ్జీలు వద్దు. ఎందుకో దారిలో తెలుస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్లు అక్కడ ఒకటి తెలీక తికమకపడతారు. దిగువ అహోబిలం వేరు, ఎగువ అహోబిలం వేరు, మధ్యలో ఎనిమిది కిలోమీటర్లు. ఇక్కడ నరసింహస్వామి క్షేత్రాలు తొమ్మిది, అవన్నీ ఒకచోట లేవు. యోగానంద, ఛత్రవట దిగువ అహోబిలం దగ్గర్లోనే, కారులో పోవచ్చు. కారంజ ఎగువకి పోయే రోడ్డు పక్కనే. అహోబిల నరసింహస్వామి గుడి రోడ్డు ఆగిపోయే చోట. వరాహ, మాలోల, జ్వాలా క్షేత్రాలకి నడకే. భార్గవ, పావన మాత్రం జీపు దారులు. ఒక్కరోజులో తొమ్మిదీ చూపిస్తామని పిలిచేవాళ్లుంటారు. వయసులో ఉన్నవాళ్లకి అయ్యేదే, కానీ చూసినట్టుండదు, టిక్కు పెట్టుకున్నట్టుంటుంది.

జీపులు దిగువ అహోబిలంలో దొరుకుతాయి. పాత మహీంద్రా బండ్లు, కొన్నిటికి తలుపులు కూడా ఉండవు. రేటు తలకి కాదు, బండికి మాట్లాడతారు. సీజన్‌ని బట్టి, రద్దీని బట్టి మారుతుంది. శనివారం, పండగల్లో ఎక్కువ. మీరు నలుగురే ఉంటే ఇంకో కుటుంబంతో కలిసి ఖర్చు పంచుకోవచ్చు. ఎక్కకముందే మూడు మాటలు తేల్చుకోవాలి: బండిలో ఎంతమంది, అక్కడ ఎంతసేపు ఆగుతారు, భార్గవ కూడా కలిసే ఉందా లేదా. మాకు మాట్లాడిపెట్టిన ఆసామి అయిదుగురికే బండి అన్నాడు. తీరా కదిలే ముందు ఇంకో ముగ్గురిని వెనక ఎక్కించాడు. గొడవ పడితే డబ్బు తగ్గించాడు గానీ నా మోకాళ్లకి చోటు రాలేదు. ఆ ముగ్గురూ మంచివాళ్లు, అది వేరే సంగతి. అనంతపురం నుంచి వచ్చారు, దారి పొడవునా చెనిక్కాయలు పంచుతూనే ఉన్నారు.

మా డ్రైవర్ మాత్రం గట్టివాడు. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక ఒక దుప్పటి మడిచి పెట్టి, "అమ్మా, యాడ పట్టుకోవాల్నో నేను సూపిస్తా, ఆడే పట్టుకో. ఇంకేడ పట్టుకున్నా సెయ్యి నలుగుతాది" అన్నాడు. బండి ఊరు దాటగానే ఫోన్లో సిగ్నల్ పోయింది. అడవిలోకి దిగాక రోడ్డు కూడా పోయింది.

అక్కడ దారి అంటే రాళ్ల మధ్య బండి చక్రాలు అరగదీసిన చాళ్లు. నల్లమల రాయి ఎక్కువగా క్వార్ట్జైట్, చాలా గట్టి రాయి. మట్టి వానకి కొట్టుకుపోతుంది, రాయి కదలదు. అందుకే ఎన్ని వానలు పడితే దారి అంత పదునెక్కుతుంది. రిజర్వు అడవి కాబట్టి తారు వేసే మాట లేదు. డ్రైవర్ ఫోర్ వీల్ వేసి, లో గేరులో, నడిచే మనిషి కంటే నిదానంగా పోతాడు. ముందు చక్రం ఒక బండ మీదకి ఎక్కి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, ధబ్‌మని దిగుతుంది. వెనక కూర్చున్నవాళ్ల తల పైనున్న ఇనుప కమ్మీకి తగులుతుంది. మొదటి దెబ్బకి అందరూ నవ్వారు. నాలుగోదానికి ఎవరూ నవ్వలేదు. వాగు అడ్డం వచ్చిన చోట బావ "నీళ్లెంత లోతు?" అని అడిగితే, "నిన్న మోకాలి దాకా ఉండెనన్నా. ఈరోజు మనం పోయి సూడాల" అని గేరు మార్చాడు.

కొన్ని చోట్ల బండి పక్కకి ఎంత ఒరుగుతుందంటే చెట్ల కొమ్మలు లోపలికొచ్చి మన ఒళ్లో ఆకులు రాల్చి పోతాయి. అక్క కళ్లు మూసుకుని గోవిందనామాలు మొదలుపెట్టింది. అమ్మ మాత్రం పక్క సీట్లో డ్రైవర్‌ని వాళ్లూరు, పిల్లల చదువులు అడుగుతూ కూర్చుంది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో మెట్లు దిగని మనిషి! ముందు సీటుకీ వెనక సీటుకీ అంత తేడా ఉంది. పెద్దవాళ్లుంటే ముందు సీటు వాళ్లకేనని బండి మాట్లాడేటప్పుడే చెప్పెయ్యండి.

సగం దారి దాటాక ఒక మెట్ట మీద చెట్లు పలచబడ్డాయి. డ్రైవర్ అడక్కుండానే ఆపాడు. దిగి పది గజాలు నడిస్తే బండల అంచు, దాని కింద లోయ. గండికోటలోలాగా నిటారుగా కోసిన గోడలు కావు. ఒక కొండ వెనక ఇంకో కొండ, వాటి మధ్య పచ్చటి మడత, అడుగున వాగు ఎక్కడో ఉందని చప్పుడే చెబుతుంది. ఒక్క ఇల్లు లేదు, ఒక్క కరెంటు స్తంభం లేదు. బావ చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడాక అన్నది, "ఇక్కడ ఒక టీ కొట్టు ఉంటే ఎంత బాగుండు" అని. మా అక్క చూసిన చూపుకి మళ్లీ నోరెత్తలేదు. కానీ అక్కడా రెండు కూల్ డ్రింక్ సీసాలు, కుర్‌కురే కవర్లు రాళ్ల సందుల్లో ఉన్నాయి. టీ కొట్టు లేకుండానే ఇంత చెత్త.

పావన నరసింహస్వామి గుడి చిన్నది. పక్కనే చెంచులక్ష్మి అమ్మవారు. ఈ అడవి చెంచులకి నరసింహస్వామి ఇంటల్లుడు, వాళ్ల ఆడపడుచుని చేసుకున్నవాడు. సంక్రాంతి తర్వాత కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకి పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది కూడా చెంచులక్ష్మి పెళ్లికి పిలవడానికేనని ఇక్కడివాళ్లు చెబుతారు. దర్శనానికి తొందర పెట్టేవాళ్లెవరూ లేరు. నీడ ఉంది, నిశ్శబ్దం ఉంది. తినడానికి మాత్రం ఏమీ లేదు, మేం పోయిన రోజు తాగే నీళ్లు కూడా లేవు. నీళ్లు తలకి లీటరుకి తగ్గకుండా తీసుకుపోండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. కోతులుంటాయి, చేతిలో కవరు కనిపించకూడదు.

తిరుగు దారిలో భార్గవ క్షేత్రం. అడవిలో ఒక కోనేరు, మెట్ల మీద చిన్న గుడి. పావన దారితో పోలిస్తే ఇది దగ్గర, కుదుపులు కూడా తక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలున్నవాళ్లు పావన మానేసి భార్గవకి మాత్రమే పోయి రావడం మేలు. ఈ మాట జీపు మాట్లాడేవాళ్లు చెప్పరు.

మర్నాడు అమ్మని, అక్కని ఎగువ అహోబిలం గుడి దగ్గర వదిలి మేం ముగ్గురం ఉగ్రస్తంభం ఎక్కాం. అసలైన లోయ అక్కడ కనిపిస్తుంది. కొండ నిలువునా చీలి నిలబడ్డ చోటు, హిరణ్యకశిపుడి స్తంభం అదేనని నమ్మకం. భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి దాకా మెట్లు, బండలు ఉన్నాయి. వానాకాలంలో ఆ గుడి ముందు పైనుంచి నీళ్ల ధార పడుతుంది, తడుస్తూనే పోవాలి. అది దాటాక చేతులు కాళ్లు రెండూ వాడి ఎక్కాలి. మొదట్లోనే కర్రలు అద్దెకిస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి. దోవ చూపించే కుర్రాళ్లు దొరుకుతారు, మాతో వచ్చిన అబ్బాయి చెప్పులు లేకుండా మాకంటే ముందు నడిచాడు. ఎక్కలేని పెద్దవాళ్లని జ్వాలా దాకా డోలీల్లో మోసుకుపోతారు, ఉగ్రస్తంభానికి మాత్రం కుదరదు. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టకపోతే పైన బండ కాలుతుంది, కాళ్లు ఆనించలేరు. పైకి పోయాక నిలబడే చోటు చాలా తక్కువ. పిల్లోడు ఫోన్ తీస్తే బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఇక ఉండే సంగతి. దిగువ అహోబిలంలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. కుటుంబంతో పోతే ముందు దానికే ప్రయత్నించండి, రూములు తక్కువ కాబట్టి వారాంతానికి చాలా ముందే బుక్ చెయ్యాలి. అహోబిల మఠం వసతి కూడా ఉంది, సంప్రదాయంగా ఉండేవాళ్లకి అదే హాయి. ముందే చెప్పి పెట్టుకుంటే భోజనం కూడా అక్కడే. కులసంఘాల సత్రాలు చవక, కానీ స్నానాల గదుల సంగతి చూసుకుని డబ్బు కట్టాలి. మాకు ఈ మూడింట్లోనూ దొరక్క ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఉన్నాయన్నారు. ఉన్నాయి, పొద్దున నాలుగింటికి పది నిమిషాలు. దుప్పట్లు అడిగితే ఒకటే ఇచ్చారు. అదే డబ్బుకి ఆళ్లగడ్డలో ఇంతకంటే మంచి గది వస్తుంది, పొద్దున అరగంట ముందు లేస్తే సరిపోతుంది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడైతే దిగువలో గది మీద ఆశ వదులుకుని నేరుగా నంద్యాలలో దిగండి.

అడవే కావాలి, దర్శనం పట్టింపు లేదు అనుకునేవాళ్లకి ఆత్మకూరు దగ్గర బైర్లూటి క్యాంపు నయం. అటవీ శాఖ నడిపేది. టెంట్లు, కాటేజీలు, భోజనం, జీపు సఫారీ అన్నీ ఒకే చోట ఉంటాయి, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది అక్కడి చెంచు కుర్రాళ్లే. బేరాలు లేవు, వెనక ముగ్గురిని ఎక్కించడాలు లేవు. అయితే సఫారీ బండి మీకు చూపించే దారిలోనే పోతుంది, ఆపమన్న చోట ఆపదు. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవి రోడ్డు రాత్రిపూట మూసేస్తారు కాబట్టి చీకటి పడకముందే చేరుకోవాలి. బావకి ఇది చూపించాను. "దాంట్లో తల కమ్మీకి తగలదు కదరా, వద్దులే" అన్నాడు.

నన్నడిగితే కడప వైపు నుంచి పోయేవాళ్లకి వరస ఇది. మొదటిరోజు మధ్యాహ్నానికి దిగువ అహోబిలం చేరి ప్రహ్లాదవరద స్వామి గుడి తీరిగ్గా చూడండి. కృష్ణదేవరాయల జయస్తంభం అక్కడే ఉంది, చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. ఆ సాయంత్రమే జీపు మాట్లాడిపెట్టుకుని, రెండోరోజు పొద్దున పావన, భార్గవ ముగించండి. మధ్యాహ్నం పడుకోండి, నిజంగానే పడుకోవాల్సి వస్తుంది. మూడోరోజు చల్లటిపూట ఎగువ, ఉగ్రస్తంభం. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. వానలు గట్టిగా పడితే వాగులొచ్చి జీపులు ఆపేస్తారు, బయలుదేరే ముందు అక్కడెవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి. కడపలో ఎండ కాస్తోంది కదా అని నమ్మకండి, నల్లమలలో వాన లెక్క వేరు.