ఒంటరి పొలంలో దెబ్బ తగిలితే: ఫోనా, శాటిలైట్ పరికరమా, వేళకు పలకరింపా? ఏది మేలు?

నిచ్చెన మీంచి జారి కాలు విరిగితే, పక్కన మనిషి ఉన్నచోట అది ఆసుపత్రితో తేలిపోయే వ్యవహారం. ఒక్కరే ఉండే పొలంలో మాత్రం సంగతి ఎవరికీ తెలియకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఏ సాధనాన్నైనా రెండు ప్రశ్నలతో తూచాలి. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందా? మీకు స్పృహ లేకపోయినా పనిచేస్తుందా?

మామూలు ఫోన్ రెండింటిలోనూ తప్పుతుంది. అయినా రోజూ చేతిలో ఉండేది అదే గనక దాన్ని సరిగ్గా వాడుకోవాలి. చొక్కా జేబులో పెడితే పడేటప్పుడు ఎగిరి ఎక్కడో పడుతుంది. జిప్ ఉన్న జేబులో ఉంచండి. రక్తంతోనో బురదతోనో తడిసిన వేలికి స్క్రీన్ సరిగ్గా పలకదు. పక్క బటన్లతో ఎమర్జెన్సీ కాల్ ఎలా వెళ్తుందో ముందే సెట్టింగుల్లో చూసి పెట్టుకోండి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంది. అలాంటి చోట సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది.

పడిపోతే పసిగట్టే వాచీ స్పృహ లేనప్పుడూ కాల్ చేయగలదు. కానీ అది గుర్తించేది గట్టిగా పడినప్పుడే. ట్రాక్టర్ కింద కాలు ఇరుక్కున్నా, ఎండదెబ్బకు మెల్లగా ఒరిగిపోయినా దానికి తెలియకపోవచ్చు. చాలా వాచీలకు నెట్‌వర్క్ కూడా కావాలి.

సిగ్నల్ అసలు లేనిచోట పోటీ పీఎల్‌బీకీ (బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం) శాటిలైట్ మెసెంజర్‌కీ (ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపి, అందుకునే పరికరం) మధ్యనే. పీఎల్‌బీ 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ గాలింపు, రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. నెలనెలా చందా ఉండదు. బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవ ఉండి, బటన్ నొక్కాక కనీసం 24 గంటలు సంకేతం పంపుతుంది. యాంటెన్నా విప్పి, నిటారుగా, ఆకాశం కనిపించేచోట పెట్టాలి. రేకుల షెడ్డులో నొక్కితే లాభం లేదు. కొన్నాక మీ పేరు మీద రిజిస్టర్ చేయాలి. అందులో పాత ఫోన్ నంబర్లు ఉంటే, రక్షణ సిబ్బంది వాటికి ఫోన్ చేసి ఆరా తీయడంలోనే విలువైన సమయం పోతుంది.

మెసెంజర్ అయితే ‘కాలు విరిగింది, స్ట్రెచర్ కావాలి’ అని చెప్పగలదు, అవతలివాళ్ల జవాబూ తెస్తుంది. చందా ఆగినా, ఛార్జింగ్ మరిచినా అది ఉత్త డబ్బా. గుబురు చెట్ల కింద మెసేజ్ ఆలస్యమవుతుంది. కొన్ని దేశాల్లో శాటిలైట్ పరికరాలకు లైసెన్సు కావాలి. కొనేముందే కనుక్కోండి.

ఇన్నీ చెప్పాక, నేను మొదటి స్థానం ఇచ్చేది వేళ ప్రకారం పలకరింపుకే. ప్రమాదం ఏ రకమైనదైనా, మీ చెయ్యి కదలకపోయినా, స్పృహ లేకపోయినా పనిచేసేది అదొక్కటే, ఎందుకంటే మీరు మాట్లాడకపోవడమే అక్కడ సంకేతం. పనికి వెళ్లేముందు ఒకరికి మెసేజ్ పెట్టండి: ఏ పని, పొలంలో ఏ మూల, ఎన్నింటికి ముగుస్తుంది. చెప్పిన వేళ దాటి 30 నిమిషాలైతే వాళ్లు ఫోన్ చేస్తారు. పలక్కపోతే 15 నిమిషాలకు మళ్లీ చేస్తారు. అప్పుడూ పలక్కపోతే మనిషిని పంపుతారు. దారి, గేటు తాళం ఎక్కడుంటుంది, లొకేషన్ అంకెలు వాళ్ల దగ్గర కాగితం మీద ఉండాలి. ఈ ఏర్పాటు చెడేది మతిమరుపుతోనే. మీరు పని ముగించి చెప్పడం నాలుగుసార్లు మరిచిపోతే, ఐదోసారి అవతలివాళ్లు ‘మళ్లీ మరిచిపోయుంటారులే’ అనుకుంటారు. గడువుకు 10 నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. మోటారు రంపం, పైకప్పు పనులైతే గంటకోసారి పలకరింపు ఉండాలి. బావిలోకీ మూసిన ట్యాంకులోకీ ఒంటరిగా దిగకూడదు. అక్కడి విషవాయువుకు పైన చెప్పినవేవీ మందు కావు.

తొడ రక్తనాళం తెగినప్పుడూ అంతే. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు, సాయం అంతలో రాదు. రంపం పట్టిన రోజు టూర్నికెట్ పట్టీ (కడ్డీ తిప్పి బిగించి రక్తం ఆపే పట్టీ) ఇంట్లో కాదు, నడుముకే ఉండాలి. గాయానికి 5–7 సెంటీమీటర్ల పైన, మోకాలి మీదో మోచేతి మీదో పడకుండా వేసి, పట్టీ బిగించి, రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పాలి. నొప్పి భరించలేనంతగా ఉంటుంది, అయినా వదులు చేయకండి. వేసిన సమయం రాసుకోండి. కడ్డీ లేకుండా బెల్టు ఒక్కటే కడితే చాలినంత బిగువు రాదు. సన్నని తీగ కండను కోస్తుంది. గజ్జల్లో, చంకలో గాయమైతే పట్టీ పనికిరాదు. శుభ్రమైన గుడ్డను గాయంలోకి కూరి, బలంగా నొక్కి పట్టాలి. పాము కాటుకు మాత్రం టూర్నికెట్ వేయనేకూడదు.

సిగ్నల్ ఉంటే పలకరింపు, ఫోన్, వీలైతే వాచీ. సిగ్నల్ లేకపోతే పలకరింపు కూడా మెసెంజర్ మీదుగానే వెళ్లాలి గనక నా ఓటు దానికే. ఛార్జింగ్, చందా మరిచిపోయే అలవాటున్నవాళ్లు పీఎల్‌బీ కొనుక్కోవడం మేలు. అప్పుడు వేళకు పలకరింపు ఫోన్లో సాధ్యం కాదు కాబట్టి, రోజుకోసారైనా స్వయంగా వచ్చి చూసిపోయే మనిషిని మాట్లాడుకోవాలి.