పట్టు చిక్కాకే తర్వాతి పాఠం: నాలుగేళ్ల వాడకం తర్వాత

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు గణితం చెప్పే ఉపాధ్యాయురాలిగా నేను నాలుగు విద్యా సంవత్సరాలుగా, ఒక్కొక్క విద్యార్థి స్థాయిని బట్టి ప్రశ్నలను మార్చి ఇచ్చే ఒక ట్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను వారానికి రెండు పీరియడ్ల చొప్పున వాడుతున్నాను. ఒక అంశంపై పట్టు వచ్చిందని తేలితే తప్ప తర్వాతి అంశం తెరుచుకోకపోవడం దీని ప్రధాన లక్షణం. నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఇదే పద్ధతిలో నడిచే చాలా సాఫ్ట్‌వేర్లకు వర్తిస్తాయి కనుక దీని పేరుతో పనిలేదు.

ఈ ఆలోచన ట్యాబ్‌లతో పుట్టింది కాదు. పిల్లలందరికీ ఒకే గడువు ఇచ్చి, కొందరు వెనకబడడం సహజమేనని సరిపెట్టుకునే బదులు, ఎవరికి కావలసినంత సమయం, సాయం వారికి ఇస్తే దాదాపు అందరినీ ఒక స్థాయికి తేవచ్చని అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లోనే వాదించారు. ఇలా పట్టు చూసుకుంటూ విడిగా కూర్చోబెట్టి చెబితే సగటు విద్యార్థి మామూలు తరగతిలోని నూటికి 98 మంది కంటే మెరుగ్గా రాస్తాడని 1984 నాటి వ్యాసంలో ఆయన చూపారు. అంత తేడా తర్వాతి పరిశోధకులకు సులభంగా దొరకలేదు. మన దగ్గరే, మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు పల్లె బడుల కోసం పాఠాలను చిన్న మెట్లుగా విడగొట్టి, గుర్తులున్న కార్డులతో నిచ్చెనగా పేర్చారు. పిల్ల నిన్న ఏ మెట్టు దగ్గర ఆగిందో ఇవాళ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని ‘నలి కలి’ బోధన పద్ధతికి ప్రేరణ అదే. ఆ కార్డులకు చార్జింగు అక్కరలేదన్న సంగతి, మా ముప్పై ట్యాబ్‌లలో ఎనిమిది బీరువాలో మూలుగుతున్న ఈ రోజుల్లో, నాకు తరచుగా గుర్తుకు వస్తుంటుంది.

సాఫ్ట్‌వేర్ వల్ల నాకు కలిగిన అసలు మేలు బోధనలో కాదు, పిల్ల లెక్కలో ఎక్కడ దారి తప్పిందో కనిపెట్టడంలో ఉంది. రెండో ఏడు ఏడో తరగతికి వచ్చిన ఒక అమ్మాయి, 503లో నుంచి 287 తీసివేయమంటే 384 అని వేసేది. ప్రతి నిలువు వరుసలోనూ పైనా కిందా చూడకుండా పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేస్తోంది: 7లో 3 పోతే 4, 8లో సున్నా పోతే 8, 5లో 2 పోతే 3. అప్పు తెచ్చుకోవడం ఆమెకు ఎవరూ చెప్పలేదని కాదు. పదుల స్థానంలో సున్నా ఉన్నప్పుడు ఆ అప్పు ఎవరి దగ్గర తేవాలో తెలియక, ఎప్పుడూ అప్పు అవసరం పడని దారి ఒకటి తనే కనిపెట్టుకుంది. ముప్పై ఎనిమిది మంది పుస్తకాలు దిద్దే హడావిడిలో నేనైతే అక్కడ ఒక ఇంటూ గుర్తు పెట్టి పేజీ తిప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్ మాత్రం అదే రకం తప్పు నాలుగుసార్లు రావడం పసిగట్టి, ఆమెను రెండో తరగతి స్థాన విలువల దగ్గరికి దించింది. తెర మీద పుల్లల కట్టల బొమ్మలు చూడగానే ఆ అమ్మాయి, “ఇవి చిన్నపిల్లల లెక్కలు టీచర్” అని ట్యాబ్‌ను బోర్లా పెట్టేసింది. ఆ అవమానాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు. నేను నిజం పుల్లలూ రబ్బరు బ్యాండ్లూ తెచ్చి, వంద కట్ట విప్పితే పది పదుల కట్టలు ఎలా వస్తాయో, అందులో ఒకటి విప్పితే ఒకట్లు ఎలా వస్తాయో ఆమె చేతే చేయించాక గానీ మళ్లీ ట్యాబ్ తీసుకోలేదు. మొత్తం ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత దశాంశాల తీసివేతలో ఆమెకు నా అవసరం రాలేదు.

ఇక ‘పట్టు వచ్చింది’ అన్న తీర్పును ఎంతవరకు నమ్మవచ్చన్నది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం. భిన్నాలను పోల్చడంలో ఒక అబ్బాయికి పదికి పది వచ్చి, ఆకుపచ్చ చుక్క వెలిగింది. వారం తర్వాత కాగితం మీద 2/3 పెద్దదా, 4/5 పెద్దదా అని అడిగితే, తడుముకోకుండా 2/3 అన్నాడు. కారణం అడిగితే, “హారం చిన్నదైతే భిన్నం పెద్దది టీచర్” అన్నాడు. తిరిగి వెళ్లి చూస్తే, అతనికి వచ్చిన పది ప్రశ్నల్లోనూ 1/3, 1/5 అనో, 3/4, 3/7 అనో, లవాలు సమానంగా ఉన్న జతలే వచ్చాయి. తప్పు సూత్రంతోనే అన్నీ ఒప్పులు వచ్చాయి. మెదలకుండా మూడుసార్లు క్లూ నొక్కితే జవాబు దానంతటదే కనిపిస్తుందన్న సంగతి కూడా పిల్లలు మొదటి నెలలోనే కనుక్కున్నారు. ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలు వారం పాటు ఒకరి లాగిన్‌లో మరొకరు కూర్చోవడంతో, బాగా చేసే పిల్ల మూడో తరగతికీ, ఎక్కాలు రాని పిల్ల బీజగణితానికీ వెళ్లారు. రెండో పిల్ల ఆ వారమంతా చాలా సంతోషంగా ఉండేది.

అప్పటి నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఆకుపచ్చ చుక్క వచ్చిన మూడు వారాలకు, అదే అంశం మీద ఐదు లెక్కలు, కనీసం రెండు వేరే తరహావి, కాగితం మీద ఇస్తాను. నాలుగు సరిగ్గా వస్తేనే నా రిజిస్టరులో టిక్కు పడుతుంది. మొదటిసారి ఇలా చూసినప్పుడు సగం చుక్కలు నిలబడలేదు. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు, ఎందుకంటే కాగితం వస్తుందని తెలిసిన పిల్లలు క్లూల మీద ఆధారపడడం తగ్గించారు.

బడి క్యాలెండరుతో పేచీ మాత్రం నాలుగేళ్లయినా తీరలేదు. తీసివేతల దగ్గర ఉన్న పిల్ల కూడా తరగతి అందరికీ ఒకేలా పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో సరళ సమీకరణాలే రాయాలి. ఆమె ఆరు వారాల్లో ఎంత ఎక్కివచ్చిందో ఆ మార్కుల్లో కనిపించదు సరికదా, ట్యాబ్ మీద కూర్చోబెట్టి పిల్లను ఇంకా వెనక్కి తీసుకుపోయారని ఆమె తండ్రి వచ్చి నిలదీశారు. ఆయనకు ఆ అమ్మాయి పాత నోటు పుస్తకం, కొత్త నోటు పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

ఢిల్లీలో ఇలాంటి సాఫ్ట్‌వేరే అయిన మైండ్‌స్పార్క్ మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చిందని అది తేల్చింది. ఈ ఫలితాన్ని ఎత్తిచూపేవారు తరచుగా వదిలేసే వివరం ఒకటుంది: అక్కడ పిల్లలు బడి అయ్యాక విడిగా కేంద్రానికి వచ్చి, నలభై ఐదు నిమిషాలు కంప్యూటర్ ముందు, మరో నలభై ఐదు నిమిషాలు చిన్న బృందంగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. మా బడిలో ఆ రెండో సగానికి టైంటేబుల్‌లో గడి లేదు. మధ్యాహ్న భోజనం తర్వాతి ఇరవై నిమిషాలను నేను అందుకు వాడుకుంటున్నాను, అది కూడా నాకు స్టాఫ్ రూమ్‌లో వేరే పని పడని రోజుల్లో.

మీ బడికి ఇలాంటిది వస్తే, నెలవారీ నివేదికలోని శాతాలను పక్కన పెట్టి, పిల్ల వేసిన తప్పు జవాబు ఉన్నదున్నట్టుగా ఉపాధ్యాయుడికి కనిపిస్తుందా అని ముందు అడగండి. నాకు ఆ 384 కనిపించింది అటువంటి పేజీలోనే. గత జూన్‌లో వచ్చిన మార్పుల్లో సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఆ పేజీ తీసేసి, దాని స్థానంలో రంగుల వలయాలు పెట్టారు. వారికి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. ప్రస్తుతానికి మా పిల్లలు ట్యాబ్ పక్కన రఫ్ నోటు పుస్తకం పెట్టుకుని, ప్రతి లెక్కా అందులో వేశాకే తెర మీద నొక్కుతున్నారు, సాయంత్రం ఆ పుస్తకాలు నేను ఇంటికి తెచ్చుకుంటున్నాను.